అరగని సింహం

రెండువేల తొమ్మిది జనవరిలో మా పని ఆగిపోయింది. న్యూజెర్సీలో ఒక గుడి కడుతుంటే ఆళ్లగడ్డ నుంచి ఆరుగురం శిల్పులం వెళ్లాం. రాళ్లు చాలామటుకు మన దగ్గరే చెక్కి ఓడలో పంపారు. అక్కడ వాటిని నిలబెట్టడం, అతుకుల దగ్గర సరిచేయడం, మండపం స్తంభాలకు మిగిలిపోయిన నగిషీ పూర్తిచేయడం మా వంతు. ఆ ఏడాది అక్కడ ఉద్యోగాలు ఊడుతున్నాయి. గుడికి చందాలిచ్చేవాళ్లు ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్లే కాబట్టి గుడి పని కూడా మెల్లబడింది. దానికి తోడు చలి. టార్పాలిన్ కట్టుకుని పక్కన గ్యాసు హీటర్ పెట్టుకున్నా, చేతిలో ఉలి ఉందో లేదో వేళ్లకు తెలిసేది కాదు. మార్చి దాకా ఆగండని కమిటీ వాళ్లు చెప్పారు.

ఆగమంటే నాకు హాయిగా అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. పన్నెండో ఏట నాన్న పక్కన కూర్చుని ఉలి పట్టిన మనిషిని. దసరా దగ్గర నుంచి నా కుడి చెయ్యి చెవి పైకి లేవడం మానేసింది. చొక్కా తొడుక్కోవాలంటే కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని లోపలికి దూర్చాలి. నొప్పి కూడా పెద్దగా లెక్కలోది కాదు. అలసటే తట్టుకోలేకపోయేవాణ్ణి. పొద్దున లేచి మొహం కడుక్కునేసరికే సాయంత్రం పని దిగినవాడిలా ఉండేవాణ్ణి.

గుడి వెనక ఒక పాత ఇంట్లో మమ్మల్ని ఉంచారు. మా అందరికీ పెద్ద మేస్త్రి నా భార్య తమ్ముడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. చెయ్యి సంగతి అతనికి కూడా తెలియనివ్వలేదు. తెలిస్తే పని తప్పించి ఇంటికి పంపేస్తాడని భయం. ఇంటికి పోవాలనీ ఉండేది. అలా పోవడం మాత్రం ఇష్టం లేదు.

ఒక ఆదివారం ఒక అమ్మాయి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. పిస్కాటవేలో నలుగురు ఆడపిల్లలతో కలిసి ఉంటూ, అక్కడికి అరగంట దూరంలో ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ల చదువు చదువుతోంది. రూమ్మేట్ గుడికి వస్తుంటే తోడు వచ్చి, ఆళ్లగడ్డ వాళ్లు ఉన్నారని ఎవరో చెబితే నేరుగా మా వంటింట్లోకే వచ్చేసింది.

"మీది ఆళ్లగడ్డనంట గదా? మాది నంద్యాల. మన యాస విని ఆర్నెల్లయింది మామా!"

ఆ 'మామా' అన్న పిలుపుకే అందరం నవ్వేశాం. టీ ఇచ్చాం. తాను క్రైస్తవుల పిల్లననీ, రూమ్మేట్ తాత్కాలిక మందిరంలో దర్శనం చేసుకునేదాకా బయట తిరుగుతున్నాననీ తనే చెప్పింది. పోయేముందు అసలు సంగతి బయటపెట్టింది.

"మా కాలేజీలో చిన్న మ్యూజియం ఉండాది మామా. ఆడ పార్ట్‌టైమ్ చేస్తాండా. ఫోటోలు తీసి కంప్యూటర్‌లో అప్‌లోడ్ చేసే పని. ఆడొక రాయి ఉంది. పన్నెండు వందల ఏండ్ల కిందటిదంట. దాని మింద శిలువ, సింహాలు చెక్కినారు. మీరెవరన్నా వచ్చి చూస్తే బాగుంటాది. మా ప్రొఫెసర్‌కు మీ సంగతి చెప్పినా. పిల్చుకురా అన్న్యాడు."

మా వాళ్లెవరూ కదల్లేదు. ఆమె నా వైపు చూసింది.

"రాళ్లు చూసీ చూసీ అలిసిపోయినా పాపా," అన్నాను. నిజమే చెప్పాను. నలభై ఏళ్లు రాయి ముందు కూర్చున్నవాడికి సెలవు దొరికితే, మళ్లీ రాయి దగ్గరికే ఎవడు పోతాడు?

మరుసటి ఆదివారం ఒక పెద్ద డబ్బాతో వచ్చింది. మూత తీస్తే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. బొరుగులు ఇండియన్ స్టోర్‌లో కొని తనే చేసిందట. బజ్జీలు మెత్తబడిపోయాయి, ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైంది. ఆరుగురం డబ్బా ఖాళీ చేశాం. తిన్నాక కాదనడానికి నోరు రాలేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఎవరిదో కారు అడిగి తెచ్చి నన్ను తీసుకెళ్లింది. దారి పొడవునా రోడ్డు పక్కన మంచు నల్లగా మట్టిపట్టి గుట్టలుగా పడి ఉంది. ఆమె స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, మాట్లాడకుండా నడిపింది. లైసెన్సు వచ్చి నెలే అయిందని కాలేజీకి చేరాక చెప్పింది.

మ్యూజియం అంటే లైబ్రరీ కింద నేలమాళిగలో రెండు గదులు. ప్రొఫెసర్ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ముడతలు పడ్డ కోటుతో ఉన్న ముసలాయన. ఆ వేసవికి రిటైర్ అవుతాడట. నాకు వచ్చిన ఇంగ్లీషు సిమెంటు, ఇసుక, క్రేన్ వంటి మాటల వరకే. అందుకని మా ఇద్దరి మధ్య ఆ అమ్మాయే మాటలు అటూ ఇటూ మోసింది.

రాయి ఇనప కమ్మీలకు ఆనించి నిలబెట్టి ఉంది. నా ఛాతీ ఎత్తుంటుంది. ఎర్రటి ఇసుకరాయి. స్కాట్లాండు ఉత్తరాన సముద్రపు ఒడ్డున దొరికిందట. అక్కడ ఎన్నో ఏళ్లు ఒక చర్చికి గడపగా పడి ఉంటే, నూరేళ్ల కిందట ఒక మిల్లు యజమాని కొని తెచ్చి ఈ కాలేజీకి ఇచ్చాడట. రాయి నిండా పెద్ద శిలువ. శిలువ లోపలంతా తాడు మెలికలు తిరిగినట్టు అల్లిక. పై రెండు మూలల్లో రెక్కలున్న ఇద్దరు దేవదూతలు. శిలువ పాదం కింద చేతులు పైకెత్తి నిలబడ్డ ఒక మనిషి. అతనికి అటొక సింహం, ఇటొక సింహం.

"ఎవరీయన?" అని అడిగాను.

"దానియేలు మామా. సండే స్కూల్‌లో మాకు చెప్పేవాళ్లు. రాజు మాట కాదని దేవునికి ప్రార్థన చేసినాడని సింహాల గుహలో తోసేస్తారు. దేవుడు దూతను పంపించి సింహాల నోళ్లు మూయిస్తాడు. తెల్లారి రాజు వచ్చి చూస్తే ఒంటి మింద చిన్న గీత గూడ ఉండదు."

సింహాలు కుక్కల్లాగా ఉన్నాయి. ఒకటి దానియేలు మోచెయ్యి నాకుతున్నట్టుంది. నవ్వొచ్చింది. చెక్కినవాడు సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు. మా తాత చూడలేదు, మా నాన్న చూడలేదు. వాళ్లు చెక్కిన సింహాలు మాత్రం ఎన్ని గుళ్లలో ఉన్నాయో. నేనొకసారి తిరుపతి జూలో చూశాను. మూలన పడుకుని నిద్రపోతోంది. దాన్ని చూసి నేను నేర్చుకున్నదేమీ లేదు.

రాయిని తాకి చూడొచ్చా అని అడిగాను. ప్రొఫెసర్ తెల్లటి చేతి తొడుగులు తెచ్చిచ్చాడు.

"గ్లౌజులేసుకుంటే నాకేం తెలీదని చెప్పు పాపా. నేను చూసేది వేళ్లతోనే."

ఆమె చెప్పింది. ఆయన కాసేపు నా చేతుల వైపు చూసి, గది మూలన ఉన్న సింకు చూపించాడు. సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకున్నాను. పైన లైట్లు ఆర్పి, ఒక టార్చి రాయికి పక్క నుంచి పట్టుకోమన్నాను. ఎదురుగా వెలుగు పడితే రాయి ఏమీ చెప్పదు. పక్క నుంచి పడితేనే ఉలి దెబ్బలు లేస్తాయి.

ఇసుకరాయి మీద చెక్కినవాడు మొన ఉలితో పొడుచుకుంటూ పోయాడు. తర్వాత ఇసుకతోనో మరో రాయితోనో రుద్దాడు. అల్లిక గుంటల్లో రుద్దుడు అందని చోట పొడుపులు ఇంకా ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకే దూరంలో. అల్లిక లోపల వరసగా చుక్కలు కూడా తగిలాయి. ముందు చుక్కలు పెట్టుకుని, వాటి చుట్టూ తాడు తిప్పాడు.

టార్చి పట్టుకున్న అమ్మాయి వంగి చూసి గట్టిగా అరిచింది. "ఇది మెలిక ముగ్గు మామా! పక్కింటి అవ్వ వాకిట్లో వేసేది ఇట్లనే."

ప్రొఫెసర్ ఆమె చెప్పింది విని తలూపాడు. ఈ చుక్కల సంగతి పండితులకు ఎప్పుడో తెలుసట. ఆమె మొహం చిన్నబోయింది. నాకేమీ అనిపించలేదు. నేనేదో కనిపెట్టడానికి రాలేదు.

కింద సింహాల దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎడమ సింహం నిండుగా ఉంది. పొట్ట, తొడ, తోక అన్నీ రాయిలోంచి పైకి లేచాయి. కుడి సింహం పలచన. గీత గీసి వదిలేసినట్టుంది. ఎందుకలా ఉందని ప్రొఫెసర్‌ను అడిగితే, చర్చి గడపగా ఉన్నప్పుడు ఆ పక్క జనం కాళ్లు పడీ పడీ అరిగిపోయిందన్నాడు.

వేళ్లు పెట్టి తడిమాను. మళ్లీ తడిమాను. చెప్పబోయే మాట నాకే నచ్చలేదు గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఇది అరగలేదు పాపా."

ఆమె ఇంగ్లీషులో చెప్పకుండా నా దగ్గరికి వంగింది. "మామా, అరిగిందని ఈయన పుస్తకంలోనే రాసినాడు. ముప్పై ఏండ్లు కూర్చోని రాసిన ఆ పుస్తకం మొత్తం ఈ రాయి గురించే. చెప్పమంటావా?"

"అడిగినాడు గదా. చెప్పు."

చెప్పింది. ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఎలా తెలుసని అడిగాడు. ఒక చెక్క స్కేలు తెమ్మన్నాను. రాయి అంచు వెంబడి చెక్కకుండా వదిలిన పట్టీ మీద స్కేలు ఒక కొన ఆనించి, రెండో కొన కుడి సింహం వీపు మీద పెట్టాను. రెండు చోట్లా ఆనింది, వీపుకూ స్కేలుకూ మధ్య సందు లేదు. కాళ్లు పడి అరిగి ఉంటే వీపు తగ్గాలి, స్కేలు కింద వెలుతురు కనబడాలి. సింహం వీపు తగ్గలేదు. దాని చుట్టూ రాయిని దించవలసినంత దించలేదు, అంతే. ఎడమ సింహం చుట్టూ వేలు మందం దించినవాడు, ఇక్కడ గోరు మందం దించి వదిలేశాడు.

"ఎందుకు వదిలేసినాడు?" ప్రొఫెసర్ ప్రశ్నను ఆమె తెలుగులో అడిగింది.

పొడుపులు చూపించాను. పైన శిలువలో దగ్గర దగ్గరగా, ఒకే లోతులో ఉన్నాయి. ఈ సింహం దగ్గర దూరం దూరంగా పడ్డాయి. ఒకటి లోతు, ఒకటి పైపైన. కొన్ని చోట్ల ఉలి జారి గీసుకుపోయింది. వెనక కాలి దగ్గర దెబ్బలు వేరే వాలుతో ఉన్నాయి. సుత్తి రెండో చేతికి మార్చి ఉంటాడు.

"ఇతను అలిసిపోయినాడు," అన్నాను. "చెయ్యి పోయింది ఈయనకు."

ఆమె ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. ప్రొఫెసర్ లైట్లు వేశాడు. నాకు చాలా కృతజ్ఞతలని, మూసే వేళ అయిందని చెప్పాడు. గోడ మీద గడియారం ఇంకా మూడున్నరే చూపిస్తోంది.

కారులో ఆమె కళ్లు తుడుచుకుంది. "ముసలాయన మనసు కష్టపెట్టుకున్న్యాడు మామా. రిటైర్ అయ్యే టైమ్‌లో…"

"నేను రానంటే బజ్జీలు తెచ్చింది నువ్వే గదా," అన్నాను. ఏడుపులోంచి నవ్వింది. నాకు మాత్రం లోపల బరువుగానే ఉంది. ముప్పై ఏళ్లు ఒక రాయితో గడిపిన మనిషి. నేను ఒక్క పూట చూసి, స్కేలు పెట్టి వచ్చాను. అనకుండా ఉండాల్సింది. చూసి బాగుందని వచ్చేస్తే ఎవరికి నష్టం?

రెండు వారాలు గడిచాయి. ఆ ముసలాయన్ను ఇక చూడననే అనుకున్నాను. ఒకరోజు పదకొండు గంటలకు, మంచు పడుతుండగా ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయనే గుడికి వచ్చాడు. కోటు జేబులోంచి అదే చెక్క స్కేలు తొంగిచూస్తోంది. మా వంటింట్లో కూర్చుని, పెద్దవి చేయించిన ఫోటోలు బల్ల మీద పరిచాడు.

"మూడు రోజులు కొలిచినాడంట మామా," అందామె. "యాడా సందు లేదంట. అరగలేదనే మాట ఒప్పుకుంటాడంట. అలిసిపోయినాడు అని ఎట్ల చెప్పగలవు అని అడుగుతాండాడు. తొందర ఉండొచ్చు. కొత్తవాడికి ఇచ్చి ఉండొచ్చు. జబ్బు చేసి ఉండొచ్చు. అలుపు అని నీకెట్ల తెలుసు?"

చెప్పకుండా ఉండే దారి ఉంది. 'నాకట్ల అనిపించింది సార్' అంటే సరిపోయేది. ఆయన మంచులో అంత దూరం వచ్చి, తడిసిన బూట్లతో నా ముందు కూర్చున్నాడు. తన పుస్తకంలో తప్పుందని ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి నేను అబద్ధం చెప్పలేకపోయాను.

"రమ్మను," అని లేచాను.

టార్పాలిన్ కిందికి తీసుకెళ్లాను. మండపంలో గోడ వైపు ఉన్న మూడో స్తంభం నేను చెక్కింది. దాని పాదం చుట్టూ తామర రేకుల వరస ఉంది. ముందు వైపు రేకులు మామూలుగా ఉన్నాయి. వెనక, గోడకేసి తిరిగిన వైపు, నవంబర్లో చేశాను. అటు ఎవరూ చూడరని మిగిల్చుకున్న వైపు అది. కింద కూర్చుని చెయ్యి పెట్టమని సైగ చేశాను.

ఆయన గ్లౌజు తీసి జేబులో పెట్టుకుని, నేల మీద మోకాళ్లూని, గోడకూ స్తంభానికీ మధ్య సందులో చెయ్యి దూర్చాడు. రేకు తర్వాత రేకు తడుముతూ పోయాడు. నాలుగో రేకు దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ అక్కడికే వెళ్లింది. ఆ తర్వాతి రేకులు పలచన. పొడుపులు దూరం దూరం. చివరి రెండు రేకులకు నేను సుత్తి ఎడమ చేతికి మార్చుకున్నాను.

ఆయన తల పైకెత్తి నన్ను చూశాడు. చెయ్యి చూపించాను. ఎంతవరకు లేస్తుందో అంతవరకే లేపాను. ఆ అమ్మాయికి అనువాదం చేయవలసిన పని లేకపోయింది.

వెనక చప్పుడైతే తిరిగాను. మేస్త్రి నిలబడి ఉన్నాడు. అతిథులకని రెండు టీ గ్లాసులు తెచ్చాడు. అంతా చూశాడు.

వాళ్లు వెళ్లేదాకా మర్యాదగానే మాట్లాడాడు. కారు రోడ్డెక్కాక నా దగ్గరికి వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"దసరా నుంచి."

"తెల్లోనికి చూపిస్తివి. నాకు చెప్పకూడదా?"

"చెప్తే పంపించేస్తావు గదా."

"పంపించక? చెయ్యి పోగొట్టుకోని పోతే అక్కకు నేనేం చెప్పల్ల?" గొంతు పెంచాడు. కాసేపటికి తగ్గించాడు. "ఆ రేకులు ఎవురన్నా చూసి ఉంటే?"

"ఎవరు చూస్తారక్కడ?"

"నేను చూస్తా. నువ్వు చూస్తావు," అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

నాకు కోపం రాలేదు. సిగ్గు కూడా అనుకున్నంత వేయలేదు. మోస్తున్న మూట ఎవరో దించినట్టయింది. ఆ పూట పడుకుంటే సాయంత్రం దాకా లేవలేదు. అన్నానికి పిలిచినా లేవలేదట.

మార్చిలో పని మొదలైంది. మేస్త్రి నన్ను పంపించలేదు. సుత్తి మాత్రం ఇవ్వలేదు. కొలతలు చూడడం, రాయి మీద ఎర్రమన్నుతో గీతలు గీయడం నాకు అప్పజెప్పాడు. మూడో స్తంభం వెనక రేకులు తనే తిరిగి చెక్కాడు. ఆ సందులో ఒంటిని సగానికి మడిచి కూర్చుని, రెండు రోజులు చేశాడు. మేమిద్దరం దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. నేను అటు వైపు పోలేదు.

ఏప్రిల్లో ఆ అమ్మాయి నాలుగు కాగితాలు ప్రింటు తీసి తెచ్చింది. ప్రొఫెసర్ ఏదో పత్రికకు రాసింది. వంటింట్లో కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. కుడి సింహం అరిగిందని తన పుస్తకంలో రాసింది తప్పని, భారతదేశం నుంచి వచ్చిన ఒక శిల్పి స్కేలు పెట్టి చూపించాడని అందులో ఉంది. చెక్కినవాడు అలిసిపోయాడని ఆ శిల్పి నమ్మకమని, దాన్ని రుజువు చేసే దారి తనకు లేదని, కానీ ఆ మాటను పక్కన పెట్టలేకపోతున్నానని రాశాడు.

"రుజువు లేదంటాండాడు మామా," అందామె, కొంచెం కోపంగా.

"నిజమే గదా. నేను మాత్రం ఆ మనిషిని చూసినానా?"

వేసవిలో ఆయన రిటైర్ అయ్యాడు. ఆ అమ్మాయి ఫోన్ చేసి, డల్లాస్‌లో ఉద్యోగం వచ్చిందని, మ్యూజియం పని మానేశానని చెప్పింది. అంతకుముందే మేలో నా వీసా గడువు అయిపోయింది. గుడి పూర్తికాకముందే ఆళ్లగడ్డకు వచ్చేశాను. కర్నూలులో డాక్టరు భుజం లోపల నరం లాంటిదేదో తెగిందని, ఈ వయసులో కోస్తే లాభం ఉండకపోవచ్చని చెప్పి మాత్రలు రాశాడు. నెల రోజులు నిద్రపోయాను. తిని మళ్లీ పడుకోవడమే. మా ఆవిడ మొదట భయపడింది, తర్వాత ఊరుకుంది.

ఇప్పుడు పొద్దున్నే శిల్పాలు చెక్కే షెడ్డుకు పోతాను. రాళ్లు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. ఎర్రమన్ను కలుపుకుని, ఎడమ చేత్తో స్కేలు పట్టుకుని, గీయగలిగినంత గీస్తాను. కుడి చెయ్యి గీత గీయడం వరకు వస్తుంది. తర్వాత చెక్కేవాళ్లు వచ్చి కూర్చుంటారు. పదకొండింటికి ఎండ షెడ్డు పైకప్పు రేకుల మీదికి ఎక్కుతుంది. అప్పుడు చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేస్తాను.